అంపారో ఇంటి వంతు

పదకొండేళ్ళుగా మాటల్లేని అక్క గడప తొక్కడానికి హెర్మీలాకు ఏడాది మొత్తంలో ఒక్క సాయంత్రమే దారి. క్రిస్మస్‌కు ముందు తొమ్మిది సాయంత్రాలు పాత్స్‌క్వారోలో అక్క వీధివాళ్ళు వంతులవారీగా తొమ్మిది ఇళ్ళ ముందు నిలబడి, మరియ యోసేపుల తరఫున పాడుతూ బస అడుగుతారు. లోపలివాళ్ళు ముందు పాటలోనే కసురుతారు, చివరికి తలుపు తీస్తారు. తీసి తీరాలి. గుంపులో ఎవరున్నా యాత్రికులే. ఏడో సాయంత్రం అక్క అంపారో ఇంటి వంతు.

"నన్ను చూసి తలుపేసుకుంటే మరియమ్మను గెంటేసినట్టే. మా అక్కకంత ధైర్యం లేదు!" అని హెర్మీలా కారెక్కినప్పటినుంచీ నవ్వుతూనే ఉంది. చేతులు మాత్రం శాలువా అంచును మెలిపెడుతూనే ఉన్నాయి.

కారు నీవెస్‌ది. ఎదెల్మిరాతో కలిపి ముగ్గురిదీ కెరేతారోలో ఒకటే వీధి. పిల్లలు చిన్నగా ఉన్నప్పటినుంచీ అనుకుంటున్న ప్రయాణమిది. ఎదెల్మిరాను బయల్దేరదీయడానికే తలప్రాణం తోకకొచ్చింది. ఆమె కొడుకు యులీసెస్ పందొమ్మిదేళ్ళవాడు, ఇంట్లో ఒక్కడే ఉంటాడు. గ్యాస్ కట్టడం మరిచిపోతే? మోటారుసైకిలు మీద వానలో పోతే?

దారిలో శాన్ మిగెల్‌లో చర్చి ముందు నిలబడి కొడుక్కి ఫోన్ చేసింది. గువనహువాతో ఎత్తుసందుల్లో ఆయాసపడుతూ చేసింది.

"వదినా, పాలసీసా ఇచ్చి రాలేదా వాడికి?" అంది నీవెస్.

"మగపిల్లల్ని కన్నావా? నీకేం తెలుస్తుంది!"

"కనకపోతేనేం, మా ఆయన ఉన్నాడుగా. యాభై దాటినా ఇంకా నడక రాలేదు."

అంపారో ఇంటి వంతు రోజు మధ్యాహ్నం మొరేలియాలో, గులాబిరాయి కమానుల కింద భోజనానికి కూర్చున్నారు. పాత్స్‌క్వారో ఇక గంట దూరం. యులీసెస్ పొద్దుటినుంచీ ఫోన్ ఎత్తడం లేదు. పద్నాలుగు సార్లు చేసింది. ఇంతలో హోటల్ రేడియోలో వార్త: కెరేతారో దారిలో లారీ గుద్ది ఒక మోటారుసైకిలు కుర్రాడు పోయాడు. పేరు చెప్పలేదు.

ఎదెల్మిరా సంచీ అందుకుని లేచింది. "నన్ను బస్సెక్కించండి. మీరు వెళ్ళండి," అని ఏడ్చింది. ఆ ఏడుపు చూసి తనను ఒంటరిగా పంపరని ఆమెకు తెలుసు.

నీవెస్ హెర్మీలా వైపు చూసింది. హెర్మీలా గడియారం వైపు చూసి, శాలువా కప్పుకుని లేచింది.

"పదండి. కన్నపేగు కదా. అక్కెక్కడికి పోతుంది, వచ్చే ఏడాదీ ఉంటుంది."

గంట వెనక్కి వచ్చాక పెట్రోలు బంకులో ఆగారు. ఎదెల్మిరా పంపు పక్కన నిలబడి ఉండగా ఫోన్ మోగింది.

"అమ్మా, ఫోను ఫ్రెండు కారులో మరిచిపోయా. పద్నాలుగు సార్లేంటమ్మా? నాకు దినం కూడా పెట్టేశావా?"

నాలుగు కూడా కాలేదు. కారు తిప్పితే ఆరింటికల్లా పాత్స్‌క్వారోలో ఉండొచ్చు. పాట మొదలయ్యేది ఏడింటికి. హెర్మీలా వెనకసీట్లో అద్దానికి తలానించి కళ్ళు మూసుకుని ఉంది.

"ఎవరు వదినా?" అంది నీవెస్.

"రాంగ్ నంబరు."

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియలేదు. నీవెస్ ఈస్టరుదాకా ఎగతాళి చేస్తుందనే సిగ్గు ఒకటి. వాడు ఆసుపత్రి మంచంమీదనుంచి అబద్ధమాడుతున్నాడేమోననే భయం ఇంకొకటి. తడిమి చూసుకుంటేగాని ఆమెకు నమ్మకం కుదరదు.

ఇల్లు చేరేసరికి యులీసెస్ గుమ్మంలోనే ఉన్నాడు. "చెప్పాను కదమ్మా..." అనబోతుంటే ఎదెల్మిరా కళ్ళతోనే వాడి నోరు నొక్కేసింది. హెర్మీలా వాణ్ణి కావలించుకుని "బతికావురా నాయనా!" అని వలవలా ఏడ్చింది.

మార్చిలో పాత్స్‌క్వారో మనిషి ఒకావిడ వచ్చి సంగతి చెప్పింది. చెల్లెలు వస్తోందని నీవెస్ ముందే అంపారో చెవిన వేసిందట. ఆ సాయంత్రం అంపారో తలుపు బార్లా తీసిపెట్టుకుని, "పొండి, తలుపు తియ్యను" అనే చరణాలు పాడిందట. వీధంతా ఒకటే నవ్వు. ఆమె మాత్రం కొవ్వొత్తి పట్టుకుని ఒక్కొక్క మొహమే వెతుక్కుంటూ గుంపు చివరిదాకా వెళ్ళిందట. తర్వాత ఇల్లమ్మేసి తిహువానాలో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయింది. తన నంబరు చెల్లెలికి ఇవ్వద్దని ఈవిడచేత ఒట్టు వేయించుకుందట.

ఎదెల్మిరా మూడు రోజులు అన్నం సయించక, నాలుగోరోజు హెర్మీలా ఇంటికి వెళ్ళింది. హెర్మీలా కూరకని నాగజెముడు మట్టలకు ముళ్ళు గీకుతోంది. ఎదెల్మిరా నిలబడే అంతా చెప్పేసింది. బంకు, ఫోను, నాలుగు కూడా కాకపోవడం.

కత్తి ఆగింది.

"చెప్పకుండా ఉండాల్సింది," అంది హెర్మీలా. "నా రాత ఇంతే అనుకుని సర్దుకున్నా. ఇప్పుడు నిన్నేం చేసుకోమంటావే?"

ఎదెల్మిరా పీటమీద కూర్చుని ఇంకో కత్తి అందుకోబోయింది. హెర్మీలా దాన్ని మెల్లగా అవతలికి జరిపింది.

"వద్దు. నీ కొడుకు వచ్చే వేళైంది. ఇంటికి వెళ్ళు."