సగం సీజన్‌కి సున్నా

మెత్తల మేస్త్రికి రెండు బతుకులున్నాయి. పగలంతా షాపులో కూచుని కాళ్లనొప్పులవాళ్లకీ ఆటగాళ్లకీ బూట్ల లోపల వేసే మెత్తలు కోస్తాడు. తీరిక దొరికితే బాస్కెట్‌బాల్ అభిమానుల గ్రూపులో ‘మాస్టారు’ అన్న మారుపేరుతో మార్కులేస్తాడు. ఆ మాస్టారెవరో ఎవరికీ తెలియదు గానీ, ఆయన మార్కుల కోసం నాలుగువేలమంది కాచుకుని ఉంటారు. సీజన్ సగానికి వచ్చిందంటే ఇక ఆయన్ని పట్టుకోలేం. జన్మలో ఒక్క బంతి బుట్టలో వేసిన పాపాన పోనివాడు, పది జట్లనీ నిలబెట్టి కడిగేస్తాడు.

ఈ ఏడూ కడిగేశాడు. మిల్లు జట్టుకి ఏడు మార్కులు. డిఫెన్సు గట్టిదే కానీ కెప్టెన్ మోకాళ్లు అరిగిపోయేలోపే కప్పు కొట్టాలన్నాడు. గనుల జట్టుకి నాలుగు. అక్కడ పాస్ ఇమ్మంటే ఆస్తి రాసిమ్మన్నట్టు బాధపడతారట. తను ప్రాణం పెట్టుకున్న రేవు జట్టుకి మూడు వేసి, అవీ జాలిమార్కులేనన్నాడు. కొత్త కుర్రాళ్ల దగ్గరికొచ్చేసరికి నోటికి అడ్డూ అదుపూ లేకుండా పోయింది. రేవు జట్టు ఎన్నో ఆశలతో తెచ్చుకున్న ఇరవయ్యేళ్ల పొడుగువాడు, అందరూ ‘నిచ్చెన’ అని పిలిచేవాడు, వాడికి సున్నా. “వెనక్కి పరిగెత్తమంటే కాలీడుస్తాడు. నొప్పీ లేదు, గిప్పీ లేదు. ఒట్టి బద్ధకం. శుక్రవారంలోగా వదిలించుకుంటే జట్టు బాగుపడుతుంది” అని రాశాడు. ఎవరిని ఉంచుకోవాలో ఎవరిని పంపేయాలో జట్లు తేల్చుకునే ఆఖరిరోజు ఆ శుక్రవారం.

బుధవారం పొద్దున షాపు తెరిచి గంటయినా కాకముందే నిచ్చెన వచ్చాడు. గుమ్మం తగలకుండా వంచిన తల, లోపలికొచ్చాక కూడా ఎత్తలేదు. షాపు నడిపేది మేస్త్రి వదినే. ఆవిడ కౌంటర్ దగ్గర్నుంచే కేకేసింది.

“మరిదిగారూ, మీ జట్టువాడొచ్చాడు. కాస్త ఆ ఫోను పక్కన పెట్టి బయటికి రండి!”

కుర్రాడు సంచీలోంచి జత మెత్తలు తీసి బల్లమీద పెట్టాడు. “ఇవి నాకు అలవాటవట్లేదు సార్. మొదట్లో ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోమని మీ షాపువాళ్లు చెప్పారట. మూణ్ణెల్లు ఓర్చుకున్నాను. లోపం నా కాళ్లలోనే ఉందేమో. ఇంకోసారి చూస్తారా?”

ఆ మాట చెప్పింది షాపువాళ్లు కాదు, మేస్త్రే. వచ్చినవాళ్లందరికీ అదే మాట చెబుతాడు. మెత్తలు తిరగేసి చూస్తే అడుగున తన చేతిరాతతోనే నలభైఒకటి అని అంకె ఉంది. ఎవరి కాలు ఎలాంటిదో పక్కజట్లకి తెలియకూడదని ఆటగాళ్ల కొలతలు పేర్లు లేకుండా అంకెలతో వస్తాయి. ఆ నలభైఒకటి ఇతనేనని మేస్త్రికి ఇప్పుడే తెలిసింది.

ఫైలు తీశాడు. పల్చటి కాగితం మీద రెండు పాదాల గీతలు. అలాంటి కాగితం తిరగబడితే కుడిపాదం ఎడమపాదంలా కనబడుతుంది. అందుకే కొలత తీసినవాళ్లు పైవైపున మడమ దగ్గర ఎర్రచుక్క పెడతారు, చుక్క కనబడేలా పరుచుకుని కొయ్యాలి. మేస్త్రి పెన్సిలు గుర్తులు మాత్రం చుక్క లేని వైపున ఉన్నాయి. కుడికాలు పొట్టి కాబట్టి దాని కింద ఎత్తు వేయమంటే, ఎడమకాలి కింద వేశాడు. పొడుగు కాలిని ఇంకా పొడుగు చేశాడు. తేదీ చూశాడు. సీజన్ మొదలైన రోజు. చెవుల్లో మ్యాచ్ వ్యాఖ్యానం పెట్టుకుని, రిఫరీని తిట్టుకుంటూ కోసిన జత అది.

తల కొట్టేసినట్టయింది. ముప్ఫైఏళ్ల పనిలో ఇంత సిగ్గుమాలిన పని ఎన్నడూ చెయ్యలేదు. పైగా తను పాడుచేసిన నడకకే తను సున్నా వేశాడు.

కాగితం చూసిన వదిన చెయ్యిపట్టుకుని లోపలికి లాగింది. “నోరెత్తకు. కొత్తవి చేసి పంపించెయ్. ఈ సంగతి జట్టుకి తెలిస్తే రేపట్నుంచి మన గుమ్మం ఎవరు తొక్కుతారయ్యా?”

రెండు గంటలు తలెత్తకుండా పనిచేశాడు. చుక్క పైకుందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాడు. కుర్రాడు కొత్త మెత్తలు వేసుకుని గది ఆ చివరికి నడిచి, ఈ చివరికి పరిగెత్తుకొచ్చాడు. వాడి మొహం విప్పారింది.

“నొప్పి లేదు సార్! మీ చేతిలో ఏదో ఉంది.” బెంచీ మీద కూలబడి నవ్వాడు. అంతలోనే నవ్వు మాయమైంది. “ఇప్పుడు నేనే కష్టపడాలి. మాస్టారని ఒకాయన ఉన్నారు, ఆట బాగా తెలిసినాయన. నాది బద్ధకమని రాశారు. అది చదివి మా అమ్మ ఫోన్లో ఏడ్చింది. ఎందుకురా ఇలా తయారయ్యావు అంది. కాదమ్మా అందామనుకున్నా సార్, నోరు రాలేదు. అంతమంది అంటుంటే నిజమేనేమో అనిపించింది.”

మేస్త్రి వదినవైపు చూడలేదు. చూస్తే చెప్పలేనని తెలుసు.

“నీది బద్ధకం కాదు నాయనా. నేనే కాగితం తిరగేసి కోశాను. మూణ్ణెల్లు నిన్ను తప్పుడు మెత్తల మీద పరిగెత్తించాను. ఆ మాస్టార్నీ నేనే.”

కౌంటర్ దగ్గర వదిన తల పట్టుకుంది. కుర్రాడు బెంచీ మీంచి లేచాడు. కొడతాడేమోననుకున్నాడు మేస్త్రి. కొడితే బాగుండుననీ అనుకున్నాడు.

“కోచ్‌కి రాసివ్వండి,” అన్నాడు కుర్రాడు చివరికి. “మీ గ్రూపులో కూడా. కానీ ముందు మా అమ్మకి చెప్పండి. నేను చెబితే సాకులంటుంది.”

నంబరు నొక్కి ఫోను చేతిలో పెట్టాడు. ఒక్క మోతకే ఆవిడ ఎత్తింది.

“ఏరా నాన్నా, కాలు ఎలా ఉంది?”

“మీ అబ్బాయి కాదమ్మా. మెత్తలు చేసేవాణ్ణి.”

“మీరా బాబూ! మీ దగ్గరికే వస్తున్నానని పొద్దునే చెప్పాడు. వాణ్ణి అందరూ నానామాటలూ అంటున్నారు. మీరొక్కరే వాడి కాళ్లు పట్టుకుని చూస్తున్నారు. మీ మేలు మర్చిపోను. మీ పిల్లలు చల్లగా...”

ఆవిడ దీవెన పూర్తయ్యేదాకా ఊరుకుంటే ఇక జన్మలో నోరు పెగలదని మేస్త్రికి తెలుసు.

“ఆగు తల్లీ,” అన్నాడు. “నన్ను దీవించకు. నీ కొడుక్కి సున్నా వేసింది నేనే.”