నయన సంతకం

మా ఆయన నరసప్ప కొత్త మనిషి కనబడితే ముందు చెప్పులు చూస్తాడు, తర్వాతే మొహం. ఎక్కడి దుమ్ము తొక్కి వచ్చాడో తేలేదాకా ఆయనకు కుదురుండదు.

ఏడుగుండ్ల గుట్ట మీద మావి పన్నెండిళ్ళు. కింద సోలార్ ప్యానెళ్ళు పరిచాక, వాటి మీద పొద్దు పొడవడం చూడాలని బెంగుళూరు వాళ్ళు శని, ఆదివారాలు గుట్టెక్కడం మొదలుపెట్టారు. ఎండ పడితే ప్యానెళ్ళు చెరువులా మెరుస్తాయి. మా మనవరాలు నయన నాలుగు టెంట్లు వేసి, వచ్చినవాళ్ళకు రాగి ముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పెట్టి రాత్రికి బస ఇవ్వసాగింది. తల్లీతండ్రీ లేని పిల్ల; గుట్ట మీది మూడెకరాలూ దాని పేరునే రాయించాం. దాన్ని చూసి మిగతా ఇళ్ళవాళ్ళూ టెంట్లు వేశారు. ఇప్పుడు ఎవరి వాకిట్లో ఎవరి కారు ఆగిందో చూసుకోవడమే గుట్ట మీద అందరి పనీ.

ఈ మధ్య పెద్ద రిసార్టు కోసం గుట్ట మొత్తం కొనేవాళ్ళు తిరుగుతున్నారని మాట పుట్టింది. నల్ల జీపొకటి పక్కూరు బలసముద్రంలో కనబడిందట. అప్పటినుంచి మా ఆయనకు నిద్ర లేదు, పక్కన పడుకునే నాకూ లేదు. ఆయన అనుమానానికి కారణం లేకపోలేదు. ఒకప్పుడు ఇద్దరు మనుషులు పక్షులను చూస్తామని వచ్చి, మా ఇంట్లో మజ్జిగ తాగి పోయారు. ఏడాది తిరిగేసరికి కింద చేలల్లో సర్వే రాళ్ళు లేచాయి.

అలాంటి రోజుల్లో, ఒక మంగళవారం, యోగానంద అనే ఆయన ఒంటరిగా వచ్చి ఒక టెంటు అడిగాడు. బెంగుళూరు అన్నాడు. మంగళవారం ఎవరొస్తారు గుట్టకు? కెమెరా లేదు. ప్యానెళ్ళ వైపు తిరిగి కూడా చూడలేదు. మా గోడలు చూశాడు, దొడ్డి చూశాడు, నీళ్ళ డ్రమ్ముల్లోకి తొంగి చూశాడు, నయన అటూ ఇటూ నడిచేది చూశాడు. తినడానికి కూర్చుంటే ముద్దను వేళ్ళతో తుంచి, పులుసులో ముంచి, నమలకుండా మింగేశాడు. బెంగుళూరు వాళ్ళు దాన్ని చెంచాతో పొడుస్తారు.

"ఈయప్ప మన పక్కోడే," అన్నాను వంటింట్లో.

"బ్రోకరు," అన్నాడు మా ఆయన. "మన పక్కోడైతే ఇంకా చెడ్డ."

తిన్నాక యోగానంద అరుగు మీద కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు. "నీళ్ళెట్లుంటాయన్నా ఈడ?"

"యాడి నీళ్ళప్పా! తాగితే ఎముకలు వంగిపోతాయి. నా మోకాళ్ళు చూడు."

ఆ మోకాళ్ళు చింతచెట్టు మీది నుంచి పడి వంగినవి.

"భూమికి తగాదాలేమన్నా ఉండాయా?"

"కోర్టులో ఉండాది. నేను సచ్చినా తేలదు."

"భయమేమన్నా?"

"ఎలుగొడ్లు. వాకిట్లోకే వస్తాయి."

వంటింట్లో నాకు నవ్వాగలేదు. ఎలుగొడ్డు వస్తే గిస్తే ఈయన గురకకే పారిపోవాలి.

యోగానంద గొంతు తగ్గించి, "మీ మనవరాలు ఎట్లాంటిదన్నా? భూమి ఆ పిల్ల పేరు మీదే ఉండాదంట," అన్నాడు.

పిల్లను పట్టుకుని సంతకం పెట్టించుకుంటాడని భయపడ్డాడు కాబోలు మా ఆయన. "దానికి మతి సరిగా లేదప్పా," అనేశాడు. "చిన్నప్పట్నుంచీ అంతే. దాని సంతకం ఏ ఆఫీసులోనూ చెల్లదు."

నా నవ్వు ఆగిపోయింది. యోగానంద తల దించుకున్నాడు. పొద్దున టీ కూడా తాగకుండా బయల్దేరి, టెంటు గుడ్డలు ఉతుకుతున్న నయన దగ్గర ఆగి, "బాగుండమ్మా," అని వెళ్ళిపోయాడు. అది బ్రోకరు గొంతులా లేదని నేనంటే, "నీకేం తెలుసే!" అని ఎగిరిపడ్డాడు మా ఆయన. బ్రోకరును ఎట్లా తరిమాడో పన్నెండిళ్ళకూ తిరిగి చెప్పుకున్నాడు.

నయనకు సోలార్ ప్లాంటులో పనిచేసే నందీష్ అంటే ఇష్టం. మాకూ ఇష్టమే. మంగళవాడ నుంచి వాళ్ళ పెద్దలు మాట్లాడడానికి వస్తామని కబురు కూడా చేశారు. ఆ వారం చివర్లో నయన, సిగ్నలు దొరికే పెద్ద గుండు మీద ఫోను మాట్లాడి, మెల్లగా దిగి వచ్చింది.

"వాళ్ళు రారంట అవ్వా. నందీష్ వాళ్ళ చిన్నాయన ఎవురికీ చెప్పకుండా వచ్చి విచారిచ్చుకొని పోయినాడంట. మొన్న మంగళారం మనింట్లో ఉండిన ఆయప్పే."

సంబంధం మాట్లాడే ముందు ఎవరో తెలియని మనిషిలా వెళ్ళి విచారించుకోవడం మా వైపు మామూలే. మేమూ చేసిన పనే. అయినా మా బుర్రలకు తట్టలేదు.

నయన ఏడవలేదు. తాత ముందుకు పోయి నిలబడింది. "నాకు మతి లేదా తాతా?" అంది.

ఆయన దాని మొహం చూడకుండా తన చెప్పులే చూసుకున్నాడు. నాకైతే చీపురు తిరగేయాలన్నంత కోపం వచ్చింది.

మర్నాడు ఇద్దరం మంగళవాడ బస్సెక్కాం. అక్కడ టీ కొట్టాయనను యోగానంద ఇల్లెక్కడని అడిగితే, మా ఆయన ఇస్త్రీ చొక్కాను ఎగాదిగా చూసి, "భూమి చూడ్డానికొచ్చినారా? ఈడ బోర్లన్నీ ఎండిపోయినాయప్పా. చేలన్నీ కోర్టులో ఉండాయి," అన్నాడు. మా ఆయన మొహం చూడాలి అప్పుడు.

ఎట్లో ఇల్లు కనుక్కుని పోతే, యోగానంద మంచం వాల్చి, మేం చెప్పిందంతా విన్నాడు.

"నీళ్ళు, కోర్టు, ఎలుగొడ్లు, అంతా అబద్ధమని నాకు ఆపొద్దే తెలుసన్నా. మేమూ చెప్పేదే. పిల్ల మాట ఒక్కటే నమ్మినా. సొంత మనవరాలి మీద ఎవురన్నా అట్ల అబద్ధం చెప్తారా?"

"నేను చెప్పినానప్పా," అన్నాడు మా ఆయన.

"ఆపొద్దు భూమి కోసరం చెప్తివి. ఇప్పుడు పెండ్లి కోసరం చెప్తా ఉండావేమో. నేనేది నమ్మేది?"

లేచి వస్తూ నేనే ఉండబట్టలేక, "ఈసారి దాపరికం లేకుండా రాప్పా. పిల్లతోనే మాట్లాడు," అన్నాను.

"చూద్దాం లేక్కా," అన్నాడు.

పున్నమి దాటాక వచ్చాడు, నందీష్ తల్లిని వెంటబెట్టుకుని. మాట తేలేదాకా ఏమీ ముట్టమని ఆమె గడప దగ్గరే చెప్పేసింది. నేను ముద్దలు చేస్తున్నాను. నయన చెంబు ఎత్తినా దించినా ఆమె చూపు చెంబుతోపాటే తిరుగుతోంది.

అప్పుడే వాకిట్లో నల్ల జీపు ఆగింది. నల్లద్దాలాయన ఒకడు దిగాడు.

"ఈ మూడెకరాలు మీ మనవరాలి పేరుతో ఉన్నాయట కదా? ఆమెకు మతి బాగాలేదనీ, సంతకం చెల్లదనీ ఊళ్ళో చెప్పారు. నిజమైతే చెప్పండి, మా టైం వేస్టు చేసుకోం."

అవునంటే చాలు, జీపు తిరిగిపోతుంది. ఆ భూమి అంటే మా ఆయనకు ప్రాణం. జీపును చూశాడు. యోగానందను చూశాడు. చివరికి నయనను చూశాడు.

"అబద్ధమప్పా!" అని అరిచాడు, పన్నెండిళ్ళకూ వినబడేలా. "నేను పుట్టిచ్చిన అబద్ధం. మతి లేనిది నాకు. నా మనవరాలి సంతకం యాడైనా చెల్లుతాది."

జీపాయన మొహం వికసించింది. బ్యాగు తెరుస్తూ నయన వైపు తిరిగాడు. నయన చున్నీకి చేతులు తుడుచుకుంటూ ముందుకొచ్చింది.

"చెల్లుతాది సార్," అంది. "అయితే పెట్టను."

అతను ఇంకేదో చెప్పబోయాడు.

"ముద్ద తిని పోతారా? వేడిగా ఉండాది."

జీపు వచ్చిన దారినే పోయింది. మా ఆయన అరుగు మీద కూలబడి కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత నందీష్ తల్లి చెంబు అందుకుని, గటగటా నీళ్ళు తాగి, కంచం ముందుకు లాక్కుంది.

"నాకూ పెట్టక్కా," అన్నాడు యోగానంద. "ఎలుగొడ్లు వచ్చేలోపల తినేసి గుట్ట దిగల్ల."