గీజరుకు వేసిన బిరడా

మా అత్తను జుట్టు పట్టుకుని బాత్రూంలోంచి వీధిలోకి ఈడ్చుకొచ్చింది నేనే. చూసినవాళ్లు చూసినట్టే చెప్పుకున్నారు, నేను కాదనను. ఆవిడ మణికట్టు విరిగింది కూడా నా చేతిలోని సుత్తి వల్లే. కాకపోతే ఆ రోజు నేను కొట్టాల్సిన మనిషి ఆవిడ కాదు.

అత్త లేని కోడలు ఉత్తమురాలు, కోడలు లేని అత్త గుణవంతురాలు అంటారు. మా ఇంట్లో ఇద్దరమూ ఉన్నాం కాబట్టి ఉత్తమురాలూ లేదు, గుణవంతురాలూ లేదు. మధ్యలో మా ఆయన. గీజర్లు బిగించడం, బాగుచేయడం ఆయన పని. గీజరు పెట్టిన ప్రతి ఇంట్లోనూ నిలబడి పాఠం చెబుతాడు.

"ఈ సేఫ్టీ వాల్వు చూశారా? నీళ్లు కాగేటప్పుడు దీంట్లోంచి చుక్క పడుతుంది. పడనివ్వండి. లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి ఇదే. మూశారనుకోండి, నెత్తిమీద బాంబు పెట్టుకున్నట్టే."

ఆ పాఠం ఊరందరికీ. మా ఇంటి గీజరులో, నీళ్లు కాగగానే కరెంటు ఆపే థర్మోస్టాట్ చెడిపోతే, కొత్తది వేయడానికి బద్ధకించి వైరు డైరెక్టుగా కలిపేశాడు. చూసుకుని మనమే స్విచ్ ఆపేద్దాం అన్నాడు. ఆ తర్వాత, వాల్వులోంచి వేడి చుక్కలు వీపు మీద పడుతున్నాయని అత్త గోల పెట్టింది. వాల్వుకు ఓ సన్నపైపు తగిలించి నేలదాకా దించితే సరిపోయేది. బయట ఇళ్లలో అలాగే చేస్తాడు. ఇంట్లో మాత్రం ఆ వాల్వు మూతికి ఇత్తడి బిరడా పెట్టి, టేపు చుట్టి, పానాతో బిగించి చేతులు దులుపుకున్నాడు.

"అందరికీ బాంబు అని చెప్తారుగా?" అన్నాను.

"తెలీనివాళ్లకి బాంబు. నేనుండగా నీకేం భయమే?" అని నవ్వాడు.

ఆ ఆదివారం అత్త గీజరు స్విచ్ వేసి, పక్కింటావిడతో గోడ దగ్గర కబుర్లలో పడింది. ఆవిడ కబుర్లలో పడితే ఇల్లు తగలబడుతున్నా తల తిప్పదు. చాలాసేపటికి తీరిగ్గా వచ్చి బాత్రూంలో దూరి గడియ పెట్టుకుంది. ముందు బకెట్టులో చన్నీళ్లు పట్టుకుని, ఒళ్లంతా సబ్బు రుద్దుకుని, చివర్న వేడినీళ్ల కుళాయి తిప్పడం ఆవిడ అలవాటు. ఆ అలవాటే లేకపోతే కుళాయి తిప్పిన మరుక్షణం ఆవిరి మొహాన కొట్టి అక్కడే ప్రాణం పోయేది.

నేను వంటింట్లో ఉన్నాను. గోడ అవతల గీజరు గురక పెట్టడం మొదలుపెట్టింది. గురక కాస్తా మూలుగైంది. అలమరలో గ్లాసులు కదిలాయి. ముందుగదిలో గడ్డం గీసుకుంటున్న మా ఆయన చెంప మీద నురగతోనే లేచి నిలబడ్డాడు. బాత్రూం తలుపు వైపు చూశాడు. నా వైపు చూశాడు.

"ఏమైందండీ?"

వసారాలోకి వెళ్లిపోయాడు. కాసేపటికి గేటు తోసుకుని కాళ్లకు బుద్ధి చెప్పడం కిటికీలోంచి కనిపించింది.

నాకు గీజర్ల సంగతి తెలీదు కానీ మొగుడి సంగతి తెలుసు. వైర్లు నిప్పులు కక్కుతున్నా నవ్వుతూ నిలబడే మనిషి పరుగెత్తాడంటే, అక్కడున్నవాళ్లకి చావేనని అర్థం. మెయిన్ స్విచ్ కొట్టాను. మూలుగు ఆగలేదు, కాగిన నీళ్లు కాగినట్టే ఉన్నాయి.

"అత్తయ్యా! తలుపు తీయండి! గీజరు పేలిపోతోంది!"

"పేలేది నీ నోరే! స్నానం కూడా చేయనివ్వవా?"

"మీ అబ్బాయి పారిపోయాడత్తయ్యా!"

"నా కొడుకు నన్నొదిలి పారిపోతాడా? ఎంత మాటన్నావే, నీ నాలుక కోసెయ్యా!"

ఇక మాటలతో పని జరగదు. ఆయన పనిముట్ల సంచిలోంచి సుత్తి లాగి గడియ ఉన్నచోట బాదాను. తలుపు చీలింది. ఇంకా బాదాను. గడియ ఊడి తలుపు లోపలికి విరుచుకుపడి ఆవిడ మోకాలికి తగిలింది. ఆవిడ ఇత్తడి చెంబు విసిరింది. నా కనుబొమ మీద తగిలి, రక్తం కంట్లోకి కారింది.

"చంపేస్తోందర్రోయ్! కోడలు నన్ను చంపేస్తోంది!"

జబ్బ పట్టి లాగాను. సబ్బు ఒళ్లు, పట్టు జారిపోయింది. ఆవిడ వెనక్కి తూలి, ఆసరాకి పట్టుకున్నది వేడినీళ్ల కుళాయినే. అది కొంచెం తిరిగిందంటే ఇద్దరం ఉడికిపోతాం. సుత్తితో ఆ చేతి మీద కొట్టాను. ఎముక పటుక్కుమంది. కుళాయి వదిలేసి ఆవిడ పెట్టిన కేక ఇప్పటికీ నా చెవిలో ఉంది. చేతికి జుట్టొక్కటే చిక్కింది. అదే పట్టుకుని గుంజాను. ఆవిడ నా ముంజేతిని కండ ఊడేలా కొరికింది. కొరకనిచ్చాను. గుమ్మాలకు కొట్టుకుంటూ, గది తర్వాత గది, ముందుగది కిటికీ పరదా చింపి ఆవిడ మీద పడేసి, వసారాలోకి ఈడ్చాను.

అప్పుడు పేలింది.

గీజరు బాత్రూం రేకుల్ని చీల్చుకుని ఆకాశంలోకి పోయింది. వంటింటి గోడ, నేను అంతకు ముందు నిలబడిన చోటే కూలింది. మరుగునీళ్లు వసారాదాకా తరుముకొచ్చి నా అరికాళ్లను కాల్చాయి. ఇద్దరం మెట్ల మీంచి దొర్లి వీధిలో పడ్డాం. అత్త తల తిప్పి ఇంటి వైపు చూసింది. బాత్రూం ఉండాల్సిన చోట పొగా దుమ్మూ తప్ప ఏమీ లేదు. నా జుట్టు పీకడానికి ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఎదురింటి ప్రహరీ వెనకనుంచి మా ఆయన పరుగెత్తుకొచ్చాడు. చెంప మీద నురగ ఇంకా ఆరలేదు.

"అమ్మా! బతికావా! నీకోసం లోపలికి రాబోతున్నా, ఇంతలోనే పేలిపోయిందమ్మా!"

అత్త కొడుకు మొహం చూడలేదు. కాళ్లు చూసింది. మడమ వెనక పట్టీ ఉన్న తోలు చెప్పులు. రెండింటికీ బకిళ్లు పెట్టి ఉన్నాయి.

"ఇవెప్పుడు వేసుకున్నావురా?"

"అది... చుక్క పడుతోందని నువ్వే కదమ్మా గోల పెట్టావు. నువ్వు అడగబట్టే మూశాను."

"అది తర్వాత. ఇవెప్పుడు వేసుకున్నావు?"

ఆయన చెప్పుల కాళ్లు వెనక్కి లాక్కున్నాడు.

"విప్పు," అంది అత్త.

వంగి బకిళ్లు విప్పడం మొదలుపెట్టాడు. చాలాసేపు పట్టింది. అంతసేపూ వీధి వీధంతా చూసింది.

విరిగిన చెయ్యి వేలాడుతుండగా అత్త ఎడమచేత్తో ఒక చెప్పు అందుకుని నురగ ఉన్న చెంప మీద కొట్టింది. పెదవి చిట్లి రక్తం నురగలో కలిసింది. మళ్లీ కొట్టింది. చెవి మీద, మెడ మీద, అడ్డం పెట్టిన చేతుల మీద.

"నీ పెళ్లాం నా చెయ్యి విరగ్గొట్టిందిరా! నువ్వు చెప్పులేసుకున్నావు!"

ఎవరూ అడ్డం రాలేదు. అలిసిపోయి, రొప్పుతూ మెట్టు మీద కూలబడి, రెండో చెప్పును నా వైపు తోసింది.

"నువ్వు తీసుకో," అంది.

అరికాళ్లు బొబ్బలెక్కి నిలబడలేకపోతున్నాను. గోడ పట్టుకుని లేచాను. తీసుకున్నాను, కొట్టాను.