చావడంలో చేయి తిరిగినవాడు

లెన్ కార్ట్‌మెల్ చావడంలో చేయి తిరిగినవాడు. ఇంగ్లండులో ఊరూరా తిరిగి పాత పద్యనాటకాలాడే ఆ కంపెనీలో పద్నాలుగేళ్లుగా అతనికి అదే పని. నాటకం ఏదైనా సరే, ఆఖరి అంకంలో కత్తిపోటు తిని, మెట్ల మీది నుంచి దొర్లి, కళ్లు తెరుచుకుని చచ్చేవాడు. చంపేది ఎప్పుడూ ఆంబ్రోస్ విడల్. చచ్చేది ఇతను, చప్పట్లు ఆయనకు.

సండర్లాండు అనే ఊళ్లో కథ తిరగబడింది. విడల్‌కు అరవై దాటాయి, యువరాజు వేషానికి ఇంక మొహం చాలదని యాజమాన్యం తేల్చేసింది. యువరాజు వేషం లెన్‌కి వచ్చింది, చచ్చే పినతండ్రి వేషం విడల్‌కి వెళ్లింది. పైగా మొదటి ఆటకి లండన్ నుంచి ఒక పెద్ద థియేటరు మేనేజరు వస్తున్నాడు. ఈ ఒక్క ఆట నెగ్గితే లెన్ బతుకు మారుతుంది. లేదంటే ఉన్నన్నాళ్లూ మెట్ల మీద దొర్లడమే.

సాయంత్రం లెన్ మేకప్ గదిలోకి వెళ్లేసరికి యువరాజు ఎర్ర అంగీ విడల్ ఒంటి మీద ఉంది.

"అది నాది సార్."

"నీదా? ఎప్పట్నుంచిరా?" విడల్ అద్దంలోంచే నవ్వాడు. "పోయి నీ నల్లబట్టలు తొడుక్కో. చచ్చేవాడికి సోకులెందుకు?"

బట్టలు చూసుకునే ఎథెల్ మధ్యలో దూరింది. "ఇచ్చేయండి ఆంబ్రోస్ గారూ. పెద్దవారు, ఇదేం పంతం?"

లెన్‌కు ఒళ్లు మండింది. మెడ దగ్గర పట్టుకుని అంగీ ఊడబెరికాడు. గుండీలు తెగి నేల మీద దొర్లాయి. ముసలాయన తూలి అద్దానికి కొట్టుకున్నాడు, కనుబొమ్మ చిట్లింది.

"కుళ్లుబోతు ముసలాడా! ఇవాళ ఊరందరి ముందూ నిన్ను చంపుతా చూడు!"

విడల్ నెత్తురు తుడుచుకుంటూ అయోమయంగా చూశాడు. లెన్‌కు అది పొగరులా కనిపించింది.

ఆ కంపెనీలో కత్తియుద్ధానికి ఒక కట్టుబాటుంది. దెబ్బలన్నీ అంకెల వరుసలో ఉంటాయి. చంపేవాడు పళ్ల మధ్య నుంచి అంకె చెబుతాడు, చచ్చేవాడు దానికి తగ్గట్టు కాచుకుంటాడు. ఆఖరి అంకె పన్నెండు అనగానే చచ్చేవాడు ఎడమ చెయ్యి ఎత్తాలి, చంక కిందుగా కత్తి దూసుకుపోవాలి. మొన మొద్దుదే గానీ ఇనుము ఇనుమే. పొద్దున రిహార్సల్లో విడల్ ఇదంతా పొల్లుపోకుండా చేశాడు.

ఆటలో కూడా ఐదు దాకా సవ్యంగానే సాగింది. లెన్ నోరు తెరిచేలోపే విడల్ "ఆరు" అన్నాడు. దెబ్బ లెన్ వేళ్ల మీద పడింది. చిటికెన వేలు విరిగింది.

"అంకె చెప్పేది నేను సార్!" లెన్ గొంతు నొక్కి అన్నాడు.

"ఏడు." కత్తి అంచు చెవిని చీల్చింది. మెడ మీదుగా నెత్తురు కారింది. ముందు వరుసలో ఎవరో కేక పెట్టారు.

ముసలాడు పగ తీర్చుకుంటున్నాడు, నన్ను ఇక్కడే పాతేస్తాడు అనుకున్నాడు లెన్. ఎగిరి మోకాలి మీద తన్నాడు. విడల్ చలించలేదు. "ఎనిమిది. తొమ్మిది." అసలు ద్రోహం చేసింది లెన్ కాళ్లే. ఆ గొంతు అంకె చెబితే పద్నాలుగేళ్ల అలవాటున అవి వాటంతటవే వెనక్కి నడుస్తున్నాయి. పదికి మెట్లు తగిలాయి. పదకొండుకి మోకాలు వంగింది. యువరాజు చచ్చాడంటే నాటకమూ లెన్ బతుకూ రెండూ నవ్వులపాలే.

"పన్నెండు."

లెన్ ఎంత వద్దనుకున్నా చెయ్యి లేచింది. కానీ ఆ పోటు ఎక్కడికొస్తుందో అతనికి తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? కత్తి చంకలోకి రాగానే చెయ్యి దించి బిగించాడు. పక్కటెముకల మీద చర్మం లేచిపోయింది. కత్తితో సహా విడల్‌ను మీదికి లాగి, తన కత్తి పిడితో మూతి మీద గుద్దాడు. పళ్లు రాలాయి. అవసరం లేకపోయినా ఇంకోసారి గుద్దాడు. ముసలాయన మెట్ల మీంచి దొర్లిపోయాడు. పడే అలవాటు లేదు గనక తల నేలకు టంగుమని తగిలింది.

హాలు హాలంతా లేచి నిలబడింది. లండన్ మేనేజరు కుర్చీ ఎక్కి మరీ చప్పట్లు కొడుతున్నాడు. ఎవరో లెన్ నెత్తిన కిరీటం పెట్టారు. నాటకం ప్రకారం ఇప్పుడు యువరాజు వంగి శత్రువు నుదుటిని ముద్దాడాలి. లేచావంటే పీక నొక్కేస్తా అందామనుకుంటూ వంగాడు లెన్.

విడల్ కళ్లలో పగ లేదు. తప్పిపోయిన పసివాడి బెదురుంది.

"ఎందుకు పడలేదురా లెన్?" నెత్తుటి మధ్య మాట ముద్దగా వచ్చింది. "అంకె సరిగ్గానే చెప్పాగా. మర్చిపోయావా?"

అంగీ, ఆ అయోమయపు చూపు, తన కాళ్లలాగే పాత దారి పట్టిన ఆయన గొంతు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి లెన్‌కి. వేషాలు మారిన సంగతే ముసలాయన బుర్రలోంచి జారిపోయింది. సిగ్గుతో ఏడుపు తన్నుకొచ్చింది. చప్పట్లు ఆగడం లేదు.

"తప్పు నాదే సార్," అన్నాడు చెవిలో. "రేపు పడతాను. ఇవాళ్టికి మీరు పడుకోండి."

"రేపు మాత్రం మర్చిపోకు," అని విడల్ బుద్ధిగా కళ్లు మూసుకున్నాడు.