చివరి అంకె

గుర్తింపు కార్డు నంబరు ఏడుతో ముగిసిందంటే ఆ మనిషి కొండవాళ్లలో పుట్టినట్టేనని మా భవనంలో అందరూ నమ్మేవారు. సమయం వచ్చినప్పుడు ఎవరెవరిని దేశం దాటించాలో తేలిగ్గా తెలియడానికి ప్రభుత్వమే ఆ గుర్తు పెట్టిందట.

మూడో అంతస్తులో ఉండే నర్సు ఒక దరఖాస్తు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. కార్డు పోయిందని అందులో రాసి ఉంది. సాక్షిగా నా సంతకం కావాలట.

“ఎక్కడ పోయిందమ్మా?”

“పోలేదు బాబాయ్‌గారూ.” కార్డు బల్ల మీద పెట్టింది. చివర ఏడు. “పోయిందంటే కొత్త నంబరిస్తారంట.”

“అబద్ధమని తేలితే ఉద్యోగం పోతుంది.”

“ఇది నా దగ్గరుంటే దేశమే పోతుంది కదా!”

ముప్పై ఏళ్లు నేను ఆ కార్డుల కార్యాలయంలోనే, నంబర్ల విభాగంలో పనిచేశాను. కాగితం తీసి వివరించాను. ముందున్న అంకెలన్నిటినీ ఒక పద్ధతిలో కలిపి పదితో భాగిస్తే మిగిలే శేషమే చివరి అంకె. నంబరు రాయడంలో పొరపాటు జరిగితే పట్టుకోవడానికే అది. దానికి కొండా తెలియదు, మైదానమూ తెలియదు.

ఆమె శ్రద్ధగా విన్నది.

“మా తమ్ముడి కార్డు చివర రెండుంది. ఆ మాటే అంటే మన భవన సంఘం సెక్రటరీగారు, ‘మీ ఇద్దరికీ నాన్న ఒక్కడేనా, మీ అమ్మనడుగు’ అన్నారు. మెట్ల మీద అందరూ పగలబడి నవ్వారు.”

నేను నవ్వలేదు. కానీ ఆ రోజు ఆ మెట్ల మీద నేనూ ఉన్నాను.

“ఇంట్లో మా కొండ మాటే మాట్లాడుకుంటాం, నిజమే. అంతమాత్రానికి ఈ దేశం నాది కాకుండా పోతుందా బాబాయ్‌గారూ?”

సంతకం పెట్టకుండా దరఖాస్తు మడిచి ఆమెకిచ్చాను.

“అయితే మీరూ అంతేనన్నమాట” అంది.

కలం తీసుకుని కిందికి దిగాను. ‘ఏడు’ ఉన్నవాళ్లు పేర్లు రాయాలంటూ భవన సంఘం సెక్రటరీ గోడకు అంటించిన కాగితం అక్కడుంది. వారం గడిచినా అందులో ఒక్క పేరే కనిపిస్తోంది. అది ఆమెది, రాసింది ఆమె కాదు.

“ఏంటి పెద్దాయనా, లెక్కలో తప్పులు దిద్దుతున్నారా?” పక్కనే నిలబడ్డ సెక్రటరీ అడిగాడు.

“ఒక పేరు తగ్గింది” అని, ఆమె పేరు కింద నా పేరు రాశాను.

“భలేవారే! మీ తాతల నుంచీ మన మైదానం వాళ్లే కదండీ. ఏంటీ వేళాకోళం?”

అది నిజమే. నా కార్డు తీసి అతడి చేతిలో పెట్టాను. వారం రోజులుగా దాన్ని ఎవరికీ కనబడనివ్వలేదు. లెక్క వివరించడానికి అంత ధైర్యం అక్కర్లేదు.

దాని చివరి అంకె ఏడు.