ముందు దిగే నీడ

సాయంత్రం కుట్టుమిషను ముందు కూచున్న తల్లి, గడపలో కూతురి నీడ కనిపించగానే లేచి నీళ్లు కాచేది. అవి కాగేసరికి కూతురు భుజాన సంచీతో, అరచేతుల నిండా బొబ్బలతో ఇల్లు చేరేది. ఆ పిల్ల నీడ ఎప్పుడూ పిల్లకంటే ముందే నడిచేది. బీరువా ఎక్కి దూకే వయసు నుంచీ అంతే. ఆ దూకుడు చూసే ఇంట్లో వాళ్లు ‘మిడత’ అని పేరు పెట్టారు.

జిమ్నాస్టిక్స్ నేర్పే మాస్టారికి ఆ నీడ బాగా కలిసొచ్చింది. మిడత పరుగు మొదలెట్టకముందే నీడ పరిగెత్తి, బల్ల మీంచి ఎగిరి, అవతల పరుపు మీద దిగేది. దిగినచోట ఆయన సుద్దముక్కతో గీత గీసేవారు. తర్వాత మిడత వచ్చి సరిగ్గా ఆ గీత మీదే కాళ్లు ఆనించేది. అలా దిగీ దిగీ, ఒలింపిక్స్‌లో ఏ ఆడపిల్లకీ లేనన్ని పతకాలు తెచ్చుకుంది. మాస్టారు గీత గీసేదాకా జడ్జీలు కూడా ఓపిగ్గా ఆగేవాళ్లు.

ఈసారి ఒలింపిక్స్‌లో ఆఖరి పోటీ రోజు పొద్దున, తల్లి ఆటబట్టలకి భుజం దగ్గర ఊడిన కుట్టు వేస్తోంది.

“అమ్మా, గాల్లో ఉండగా నేల ఎటుందో తెలియట్లేదే.”

“మాస్టారికి చెప్పావా?”

“చెబితే నవ్వేశారు.”

నలుగురిలో నోరు విప్పని ఆ తల్లి, సూది చేత్తో పట్టుకునే మాస్టారి దగ్గరికి వెళ్లింది.

“అన్నయ్యగారూ, ఈ ఒక్కటీ మానిపించండి.”

“భలేదానివమ్మా చెల్లెమ్మా! ఇవాళ దూకేది ఇంతవరకూ ఏ ఆడదీ దూకలేదు. ఆమాత్రం భయం ఉండదూ? నీడ దిగిందంటే పిల్ల దిగినట్టే. వెళ్లి హాయిగా కూచో.”

వెళ్లింది గానీ, హాయిగా కూచోడం ఆవిడ వల్ల కాలేదు.

మిడత అరచేతులకి తెల్లపొడి రాసుకుంటుండగానే నీడ పరిగెత్తింది. బల్ల తాకి ఎగిరింది. గాల్లో మెలికలు తిరుగుతూ ఒకచోట తడబడింది. మెడ మీద పడింది. ఇంక లేవలేదు.

సుద్దముక్కతో వంగిన మాస్టారు వంగినట్టే ఉండిపోయారు. గీత ఎక్కడని గీస్తారు?

బల్ల అడ్డంగా ఉండటంతో మిడతకి అవతల ఏం జరిగిందో కనిపించలేదు. చెయ్యెత్తి జడ్జీలకి సైగ చేసి, పరుగందుకుంది.

మాస్టారు సుద్ద పారేశారు. అంత భారీ మనిషీ పడుతూ లేస్తూ బల్ల ఇవతలికి వచ్చి, చేతులు చాచి దారికి అడ్డం నిలబడ్డారు. మిడత వెళ్లి ఆయన పొట్టకి గుద్దుకుంది. ఇద్దరూ దబ్బుమని కిందపడ్డారు.

“చాలు తల్లీ! చాలు!”

“మరి రికార్డు, మాస్టారూ?”

“దాని మొహం! నీ మెడ నీకుంది, నాకదే పదివేలు.”

జనం కూచునే చోటికి అడ్డంగా ఉన్న కమ్మీని తల్లి ఎలా దాటిందో ఆవిడకే తెలీదు. వచ్చి కూతుర్ని పట్టుకుని ఒళ్లంతా తడిమింది.

“దెబ్బ తగిలిందా?”

“నాకు కాదమ్మా, మాస్టారి పొట్టకి,” అని మిడత పకపకా నవ్వింది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! తల్లి అక్కడే చతికిలబడి, ఊపిరి పీల్చుకుని, తనూ నవ్వింది.

పరుపు మీద నీడ మెల్లగా లేచింది. మెడ అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ముగ్గురూ బయటికి నడుస్తుంటే వచ్చి మిడత వెనకాల చేరింది. ముందుకి మాత్రం రాలేదు.

తల్లి ఆగి, వెనక్కి తిరిగి, “రా అమ్మా, ఇంక తొందరేముంది,” అంది దానితో.