మెట్ల దగ్గర నిలబడ్డ మనిషి

పదకొండేళ్లుగా ఆ నేలమాళిగ క్లబ్బులో శనివారాలు పాటలు వేసేది ఆమే. పనివాళ్లంతా అక్కా అని పిలిచేవారు. జనం నాడి తెలిసిన డీజే అని పేరు. ఆడేవాళ్ల చేతుల్ని ఆమె పట్టించుకునేది కాదు, పాదాలు చూసేది. గ్లాసును ఇంకా గుండెలకు ఆనించుకుని నిలబడ్డవాళ్లను చూసేది. పాట మారగానే నలుగురు నీళ్ల కోసం కదిలితే, ఆ పాట తప్పని గ్రహించి రెండు నిమిషాల్లో దారి మళ్లించేది.

ఆ పేరులో సగం గోడది. గోడ అంటే మెట్ల దగ్గర కాపలా మనిషి. ఒడ్డూ పొడుగూ చూసి ఎవరో పెట్టిన పేరు. జనం దిగడం మొదలయ్యాక ఒకసారి వచ్చి ఆమె చెవిలో ఓ మాట వేసి పోయేవాడు.

"ఆఫీసువాళ్లక్కా, పదిమంది. నవ్వుతున్నారు గానీ, ఒకడి ఉద్యోగం ఊడినట్టుంది. వాణ్ణి మధ్యలో పెట్టుకుని తెస్తున్నారు."

మొదటి అరగంట ఆమె ఆ మాటను పట్టుకునే నడిచేది. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. అతనూ చెప్పుకోలేదు.

ఒక మంగళవారం పొద్దున చొక్కా తొడుక్కుంటూ గోడ కుప్పకూలాడు. గుండె ఆగిపోయింది. నలభై ఆరేళ్లు.

తర్వాతి శనివారం మూడో పాటకే ఆడే ఫ్లోరు ఖాళీ అయింది. ఆపై శనివారమూ అంతే. "బాధలో ఉన్నావు, సర్దుకుంటుందిలే," అన్నాడు మేనేజరు. ఆమె తలూపింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం క్లబ్బులోనే అతన్ని తలచుకోవడానికి అందరూ కలిశారు. తెల్ల లైట్లన్నీ వేయడంతో గోడల పెచ్చులూ నేలమీది మరకలూ బయటపడ్డాయి. పనివాళ్లూ, పాత కస్టమర్లూ కలిసి నలభై మంది ఉంటారు. గోడ తల్లి వచ్చి మెట్ల పక్కన కుర్చీలో కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి, చేతిసంచి ఒళ్లోంచి దించలేదు.

అక్క మెల్లని పాటలు వేసింది. ఎవరూ కదల్లేదు. వేగం పెంచింది, తగ్గించింది. అప్పుడు గమనించింది: ఎవరూ పాట వినడం లేదు. అందరి కళ్లూ ఆ ముసలామె వైపే ఉన్నాయి.

పాట నడుస్తుండగానే అక్క వేదిక దిగి వెళ్లి ముసలామె పక్కన కూర్చుంది. "అమ్మా, ఆపేయమంటారా?"

"పాటలేసే అమ్మాయివి నువ్వేనా? వాడు రోజూ నీ గురించే చెప్పేవాడు. ఏడుపు మొహాల్ని నవ్వించి పంపుతుందనేవాడు."

అక్క తల అడ్డంగా ఊపింది. "నాదేం లేదమ్మా. ఎవరెలా వచ్చారో ఆయనే వచ్చి చెప్పేవాడు. పేరు మాత్రం నాకొచ్చింది. ఒక్కరోజు కూడా ఆ మాట పైకి అనలేదు నేను."

ముసలామె ఒళ్లోని సంచి సర్దుకుంది. "నేనూ అంతేలే. మావాడు హోటల్లో పనిచేస్తున్నాడని చెప్పుకున్నా ఇరుగుపొరుగుకి. క్లబ్బంటే నామోషీ." తర్వాత చుట్టూ చూసి, "వీళ్లేంటి, తప్పు చేసిన పిల్లల్లా నిలబడ్డారు?" అంది.

"మీరేమనుకుంటారోనని."

"ఏడవడానికి మా ఇల్లు లేదా? వాడు పనిచేసిన చోటు చూద్దామని వచ్చానమ్మా. రోజూ ఎలా ఉంటుందో అలా చూపించు."

అక్క వెళ్లి తెల్ల లైట్లు ఆర్పించి, శనివారాలు వేసే పాట పెట్టింది. బేస్ దెబ్బకు కుర్చీ అదిరి ముసలామె ఉలిక్కిపడి గుండెమీద చేయి వేసుకుంది. ఆపబోతే వద్దని చేయి ఊపింది. మొదట బార్ దగ్గరి కుర్రది కదిలింది. తర్వాత మేనేజరు, అటు తర్వాత మిగతావాళ్లు. చాలామంది ఏడుస్తూనే ఆడారు. ఏడుస్తున్నవాళ్లు పాట వెంట పరిగెత్తలేరని, ఆమె నలభై నిమిషాలు ఒకే వేగం పట్టి ఉంచింది. అది ఎవరూ చెప్పకుండా ఆమెకే తోచింది.

"ఇక చాలమ్మా," అని ముసలామె లేచింది. అక్క బస్సు దాకా తోడు వెళ్లింది. సంచి పట్టుకుంటానంటే ఇవ్వలేదు గానీ, మోచెయ్యి పట్టుకోనిచ్చింది.

వెనక్కి వచ్చి, గోడ చెవిలో వేసే మాటల సంగతంతా మేనేజరుకు చెప్పింది. అతను నమ్మినట్టు కనిపించలేదు. ఫ్లోరు మళ్లీ నిండడానికి నాలుగు నెలలు పట్టింది. ఈలోగా ఆమె చాలాసార్లు తప్పు పాటలు వేసింది.